అరకులో హోమ్‌స్టే నడుపుతున్నారా? ముస్లిం కుటుంబాలు నిశ్చింతగా దిగాలంటే ఇవి చూసుకోండి

హైదరాబాద్ నుంచో కర్నూలు నుంచో ముస్లిం కుటుంబం ఫోన్ చేసిందంటే వాళ్లు చాలాసార్లు ముందుగా అడిగేది కిటికీలోంచి కొండలు కనిపిస్తాయా అని కాదు, చికెన్ హలాలేనా అని. "ఆ, అన్నీ ఉంటాయండి" అని దాటేస్తే ఆ బుకింగ్ పోయినట్టే. ఒకవేళ వచ్చినా ఉన్నన్నాళ్లూ పప్పూ ఆమ్లెట్‌తో సరిపెట్టుకుని వెళ్లిపోతారు.

అందుకే ముందు వంటిల్లు సంగతి. పంది మాంసం లేనంత మాత్రాన హలాల్ అయిపోదు. అల్లా పేరు చెప్పి గొంతు కోయాలి, రక్తం పూర్తిగా కారిపోవాలి. కాబట్టి అలా కోసే షాపు ఒకటి ఖాయం చేసుకుని ఎప్పుడూ అక్కడే కొనండి, బిల్లు దాచిపెట్టండి, అడిగితే చూపించండి. హలాల్ సర్టిఫికెట్లు మన దేశంలో ప్రైవేటు సంస్థలు ఇస్తాయి, నాలుగు గదుల హోమ్‌స్టేకి అంత హడావిడి అక్కర్లేదని నా అభిప్రాయం. అదే వంటింట్లో పంది మాంసం కూడా వండుతుంటే మాత్రం కత్తులు, గిన్నెలు, నూనె అన్నీ వేరుగా ఉండాలి. అది మీ వల్ల కాదంటే బుకింగ్ అప్పుడే చెప్పేసి, చేపలు, గుడ్లు, కూరగాయలు బాగా వండిపెట్టండి, చేపకు ఈ కోత నియమం లేదు. హలాల్ అని ఉత్తుత్తి బోర్డు పెట్టడం కంటే అది వంద రెట్లు నయం.

ఇక బొంగులో చికెన్. అరకు దాకా వచ్చి అది తినకుండా పోవడం ఎవరికైనా బాధే కదా, కానీ రోడ్డు పక్కన ఆ కోడిని ఎవరు ఎలా కోశారో చాలాసార్లు తేలదు. మీరు తెచ్చిన కోడికే మసాలా పట్టించి మీ పెరట్లోనే కాల్పించండి. పచ్చి బొంగు ఎలాగూ ప్రతిసారీ కొత్తదే కాబట్టి గిన్నెల గొడవ కూడా ఉండదు.

నమాజ్ ఏర్పాట్లకు పెద్ద ఖర్చేమీ లేదు. అరకు నుంచి కిబ్లా, అంటే నమాజ్‌లో ముఖం పెట్టే మక్కా దిక్కు, పడమరకు సుమారు 12 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది, ఫోన్‌లో చూసి ప్రతి గదిలో చిన్న బాణం గుర్తు అంటించండి. నమాజ్‌కి కింద పరుచుకునే జానమాజ్ ఉతికినది ఒకటి పెట్టండి. నమాజ్‌కి ముందు చేసే వజూలో పాదాలు కూడా కడుక్కుంటారు, వాష్‌బేసిన్‌లోకి కాలెత్తడం పెద్దవాళ్లకు కష్టం, కాబట్టి కింద కుళాయి, ఒక స్టూలు, జారని నేల ఉంటే చాలు.

బొర్రా గుహలకు తీసుకెళ్తుంటే మధ్యాహ్నం కాసేపు ఆగే చోటు ముందే అనుకోండి. ప్రయాణంలో ఉన్నవాళ్లకు నమాజ్‌లో కొంత సడలింపు ఉంది, జుమా, అంటే శుక్రవారం మధ్యాహ్నం మసీదులో చేసే నమాజ్ కూడా తప్పనిసరి కాదు, అయినా శుక్రవారం మసీదుకు వెళ్తామనేవాళ్లు చాలామంది. దగ్గర్లో మసీదు ఎక్కడుందో, అందరూ కలిసి చేసే నమాజ్ (జమాత్) ఎన్ని గంటలకో కనుక్కుని ఉంచండి. పట్టించుకోనివాళ్లూ ఉంటారు, అందరికీ బలవంతంగా అంటగట్టొద్దు, అడిగి చేయండి. ఆడవాళ్లున్న గదిలోకి మగ స్టాఫ్ తలుపు కొట్టి ఆగకుండా దూసుకెళ్లకూడదని వేరే చెప్పాలా?

రంజాన్ మీద కూడా ఓ కన్నేయండి. అది ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వస్తుంది, 2030లో అయితే జనవరిలో ఒకసారి, డిసెంబర్ చివర్లో మళ్లీ వస్తుంది, అంటే సరిగ్గా మీ సీజన్‌లో. ఆ చలిలో తెల్లవారకముందే సహరీకి, అంటే ఉపవాసం మొదలయ్యే ముందు తినే భోజనానికి, వేడి అన్నం కావాలి, వంటమనిషిని ముందే ఒప్పించుకోండి, కుదరకపోతే రాత్రే వండి హాట్‌బాక్సుల్లో పెట్టి, టీ ఫ్లాస్కు గదిలో ఉంచండి. సాయంత్రం ఘాట్ రోడ్డు మీద ఉండగానే పొద్దుగూకే అవకాశం ఉంది, ఉపవాసం విడిచేది అప్పుడే కాబట్టి ఖర్జూరాలు, నీళ్ల సీసాలు కార్లోనే పెట్టించండి, ఆ టైముకు బండి కాసేపు పక్కకు ఆపమని డ్రైవర్‌కి కూడా చెప్పండి.