వానల్లో గిటార్ బాడీకి వెనీర్ నొక్కేవాళ్ళకు: వాక్యూమ్ ప్రెస్ జాగ్రత్తలు

రోహిణి కార్తె ఎండలకు ఎండి బిగుసుకున్న చెక్క, మృగశిర చినుకులు పడ్డాక మెల్లగా ఉబ్బడం మొదలుపెడుతుంది. తలుపు రెక్క పట్టేస్తే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. అలమరలో దాచిన అర మిల్లీమీటరు వెనీర్ (బాడీ పైన అందానికి అంటించే పల్చటి చెక్క పొర) ఉబ్బితే ఎవరికీ తెలియదు. దాన్ని అలాగే గిటార్ బాడీ మీద పరిచి వాక్యూమ్ బ్యాగ్‌లో (పంపుతో గాలి లాగేస్తే బయటి గాలే నొక్కే సంచిలో) నొక్కితే, ఆ రోజుకు వంక పెట్టలేనంత బాగా కూర్చుంటుంది. ఫిబ్రవరి, మార్చికి గాలి పొడిబారాక నార వెంట సన్నటి చీలికలు తేలతాయి, నడిమి అతుకు దగ్గర వెంట్రుకంత సందు పడుతుంది. అప్పుడు జిగురు కంపెనీని తిట్టుకుని లాభం లేదు.

ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువగా అడిగేది, పంపుకు బలం చాలుతుందా అని. స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్ అని పిలిచే ఎలక్ట్రిక్ గిటార్) ఆకారపు బాడీ ముఖం సుమారు 1,100 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. పంపు ఎంత గాలి లాగిందో చెప్పే గేజ్ 25 అంగుళాలు (పాదరసపు కొలతలో) చూపిస్తే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా గాలి 860 గ్రాముల దాకా నొక్కుతుంది. మొత్తం కలిపితే తొమ్మిది వందల కిలోల పైమాటే. చేతి క్లాంపులతో ఇంత సమానంగా నొక్కడం మన వల్ల కాదు. కాబట్టి బలం గురించి బెంగ వద్దు. వానాకాలంలో కనిపెట్టుకోవాల్సింది నీటిని. చెక్కలో నీరు, జిగురులో నీరు, పంపు నూనెలో చేరే నీరు, షెడ్డు నేల మీద నీరు.

చెక్కలో నీరు

గాలిలో తేమ 80 శాతం దగ్గర రోజుల తరబడి నిలిస్తే, చెక్కలో తేమ 15, 16 శాతం దగ్గర స్థిరపడుతుంది. గాలిలో 50 శాతం ఉంటే చెక్కలో 9 శాతం దాకా ఉంటుంది. గిటార్ బాడీకి 8 నుంచి 10 లోపు ఉండాలని నా పట్టు. హైదరాబాద్‌లో ఎండాకాలం ఇది దానంతటదే దొరుకుతుంది. విశాఖ, కాకినాడ వైపు సముద్రపు గాలికి ఏడాది పొడుగునా కష్టపడాల్సిందే. చేసే గిటార్ చికాగోలో ఉన్న మేనల్లుడికి పంపేదైతే 8కే కట్టుబడండి. అక్కడ చలికాలం హీటర్లు వేసుకున్న ఇంట్లో గాలి మన మార్చి నెల కంటే పొడిగా ఉంటుంది.

అసలు మంచి పని ఏమిటంటే, వెనీర్ ఎండాకాలంలోనే కొనిపెట్టుకోవడం. రెండు చదునైన ప్లైవుడ్ ముక్కల మధ్య పెట్టి, పైన పాలిథిన్ చుట్టి, సిలికా జెల్ సంచులు లోపల పడేసి, మృగశిరకు ముందే టేపుతో మూసేయండి. బాడీ చెక్కను కూడా అదే గదిలో ఉంచాలి. ఇప్పటికే వానలు పడిపోయి ఉంటే, రెండూ కలిపి ఏసీ గదిలో రెండు వారాలైనా ఉంచండి. వెనీర్‌ని ఎండలో పెట్టకండి. గంటలో అప్పడంలా ముడుచుకుంటుంది, మళ్ళీ చదును చేయడానికి తడపాలి, తడిపితే కథ మొదటికొస్తుంది.

తేమ మీటరు సూదులు ఒక్క పొర వెనీర్‌లో గుచ్చితే అది చెప్పే అంకె నమ్మేది కాదు. సూది పొరను దాటి కింది చెక్కను కొలుస్తుంది. ఏడెనిమిది పొరలు ఒకదాని మీద ఒకటి గట్టిగా అదిమి, అప్పుడు గుచ్చి చూడండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి వీణ చేసేవాళ్ళకు ఈ బాధ లేదు, వాళ్ళ చేతిలో ఉన్నది ఒకటే చెక్క. మనం రెండు వేర్వేరు చెక్కలకు పెళ్ళి చేస్తున్నాం, ఇద్దరి తేమా కలవాలి.

గేజ్ ఎక్కువ చూపిస్తే మంచిదేనా

కాదు. ఇది చాలామంది పట్టించుకోని సంగతి. ఒత్తిడి తగ్గే కొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది. విజయవాడలో గేజ్ 25 అంగుళాలు చూపిస్తుంటే, బ్యాగ్ లోపల నీరు దాదాపు 56 డిగ్రీలకు మరుగుతుంది. 28 దాకా లాగితే 38 డిగ్రీలకే. రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం, జూన్‌లో వాన పడని రోజుల్లో 38 దాటడం ఎంతసేపు? తెల్ల జిగురులో నీరు ఆవిరై నురగ కడుతుంది, ఆ నురగే వెనీర్ కింద బొబ్బలవుతుంది.

హైదరాబాద్ వాళ్ళు ఇంకో లెక్క వేసుకోవాలి. ఊరు సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, కాబట్టి అక్కడ గాలి ఒత్తిడే తక్కువ. ఎంత మంచి పంపు పెట్టినా గేజ్ 28 దగ్గర ఆగిపోతుంది. పంపు పాడైందని విప్పి చూడనక్కర్లేదు. అయితే అక్కడ 25 చూపించిందంటే లోపల మిగిలిన గాలి విజయవాడ 25 కంటే తక్కువ అన్నమాట, నీరు 47 డిగ్రీలకే మరుగుతుంది. నేనైతే ఏ ఊర్లోనైనా 20, 22 అంగుళాల దగ్గర ఆపేస్తాను. అప్పుడు కూడా బాడీ మీద ఏడున్నర వందల కిలోలకు తగ్గని బరువు పడుతుంది. పని ఉదయాన్నే పెట్టుకోండి.

జిగురు డబ్బా తెరిచే ముందు ఉత్త బ్యాగ్‌తో ఒకసారి నడిపి చూడాలి. 22 దాకా లాగి, వాల్వ్ కట్టేసి, అరగంట గేజ్ వైపు చూడండి. ముల్లు గబగబా పడిపోతుంటే ఎక్కడో కారుతోంది. ఏసీ మెకానిక్‌లు చేసినట్టు సబ్బు నీళ్ళు పూసి బుడగలు వెతక్కండి. అది లోపలి నుంచి గాలి బయటికి తన్నే చోట పనికొస్తుంది. ఇక్కడ గాలి లోపలికి పోతుంది, సబ్బు నీళ్ళు కూడా దాంతోపాటే పోతాయి. పంపు ఆపి, ఫ్యాన్లు ఆపి, చెవి పెట్టి వినడమే దారి.

జిగురు

వానాకాలంలో తెల్ల జిగురు ఆరేది నెమ్మది. బ్యాగ్‌లో ఉన్నప్పుడు ఆ నీరు పోవడానికి చెక్క తప్ప దారి లేదు. అందుకని పల్చగా, రోలర్‌తో, బాడీ మీద మాత్రమే పూయండి. వెనీర్‌కు పూస్తే క్షణంలో చుట్ట చుట్టుకుంటుంది. ఎండాకాలం రెండు మూడు గంటలు సరిపోయేది, ముసురు రోజుల్లో రాత్రంతా వదిలేయడం మేలు. టేకు, ఇరుగుడు లాంటి జిడ్డు చెక్కలైతే పూసే ముందు అసిటోన్‌తో తుడవాలి, కిటికీ తెరిచి, దగ్గర్లో మంట లేకుండా.

ఎపాక్సీలో (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) నీరు లేదు కాబట్టి ఈ కాలానికి అదే సుఖం. గేజ్ 12, 15 మించనివ్వకండి, లేకపోతే సన్నటి వెనీర్ రంధ్రాల్లోంచి పైకి ఊరిపోయి, తర్వాత రంగు పట్టనివ్వదు. తేమ గాలికి కొన్ని ఎపాక్సీల మీద మైనంలాంటి పొర తేలుతుంది. ఎమరీ పేపర్ పట్టే ముందే దాన్ని నీటితో తుడిచి ఆరబెట్టాలి. చేతులకు నైట్రైల్ తొడుగులు తప్పనిసరి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఎపాక్సీ జీవితాంతం పడదు.

యూరియా ఫార్మాల్డిహైడ్ పొడి జిగురు గట్టిగా పట్టే మాట నిజం. దాని ఆవిరిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో క్యాన్సర్ కారకాల మొదటి వరుసలో పెట్టింది. ఎన్95 మాస్క్ దుమ్మును ఆపుతుంది గానీ ఈ ఆవిరిని ఆపదు. వాన జల్లు కొడుతోందని షెడ్డు తలుపులన్నీ మూసుకుని దీన్ని కలిపే వాళ్ళకు ఒక్కటే మాట, మానేయండి. సన్‌మైకాలకు వాడే పసుపు రబ్బరు జిగురు కూడా దీనికి వద్దు. పైన లాకర్ (మెరుపు పూత) కొట్టగానే థిన్నర్ దాన్ని కరిగించి బొబ్బలు లేపుతుంది.

పంపు, కరెంటు

పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో పంపు తయారు చేసుకోవడం మనవాళ్ళకు అలవాటే. చవక, చప్పుడు తక్కువ. కానీ ఈ మధ్యకాలపు ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఐసోబ్యూటేన్, వంట గ్యాస్‌కు దగ్గరి చుట్టం. గొట్టాన్ని మీరే మంట పెట్టి కోయకండి, గ్యాస్ తీయించే పని మెకానిక్‌కు అప్పజెప్పండి. కరెంటు పోయినా ఒత్తిడి నిలబడేలా మధ్యలో ట్యాంకు పెట్టుకుంటే మంచిదే. దానికోసం పాత గ్యాస్ సిలిండర్‌ని కోయడం, వెల్డింగ్ చేయడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడం. గాజు సీసాలు, పెయింటు డబ్బాలు లోపలికి నలిగి పేలతాయి. మందపాటి పీవీసీ గొట్టానికి రెండు వైపులా మూతలు పెట్టింది చాలు.

వానాకాలం గాలివానకు ఏ క్షణంలోనైనా కరెంటు పోతుంది. పంపు ఆగగానే దాని నూనె వెనక్కి బ్యాగ్‌లోకి రాగలదు, అది వెనీర్ మీద పడితే ఆ మచ్చ పోదు. పంపుకీ బ్యాగ్‌కీ నడుమ వెనక్కి రానివ్వని వాల్వ్ ఒకటి, నూనె, నీరు ఆగే చిన్న సీసా ఒకటి ఉండాలి. ఆ సీసా మందపాటి ప్లాస్టిక్‌దే. నూనె పోసే రకం ఏసీ పంపు అయితే, గ్యాస్ బలాస్ట్ మర (నీటి ఆవిరి నూనెలో కలవకుండా కాస్త గాలి లోపలికి వదిలేది) తెరిచి నడపండి. నూనె పాలలా తెల్లబడితే అది నీరు కలిసిన గుర్తు, మార్చేయాల్సిందే. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్‌తో గంటల తరబడి లాగుదాం అనుకునేవాళ్ళకు: దాని మోటారు చల్లబడేదే లోపలికి వచ్చే గాలితో, దారి మూసేస్తే కాలిపోతుంది.

తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి ప్లగ్ ముట్టుకోవద్దు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించుకోండి, ఎర్తింగ్ ఉందో లేదో చూపించుకోండి.

బ్యాగ్‌లో గిటార్

కుదిరితే బాడీని ఆకారంలో కోయకముందే, దీర్ఘచతురస్రపు దిమ్మెగా ఉన్నప్పుడే వెనీర్ నొక్కేయండి. మెడకు రెండు పక్కలా పొడుచుకు వచ్చే బాడీ కొమ్ముల మధ్య ఇరుకులో బ్యాగ్ వేలాడి సాగి చిరుగుతుంది, వెనీర్ అంచు వంగి విరుగుతుంది. ముందే కోసేసి ఉంటే, కోయగా మిగిలిన ముక్కలు పారేయకుండా బాడీ చుట్టూ తిరిగి పేర్చండి. బ్యాగ్‌కు తగిలే మూలలన్నీ గుండ్రం చేయాలి.

పికప్ గుంటలు (తీగల శబ్దాన్ని పట్టే భాగాలు కూర్చునేవి), కంట్రోల్ గుంట (వాల్యూమ్, టోన్ మరల వైరింగ్ ఉండేది) ముందే తొలిచి ఉంటే వాటిని చెక్క ముక్కలతో బిగుతుగా నింపాలి. పది సెంటీమీటర్లు, ఎనిమిది సెంటీమీటర్ల ఖాళీ మీద ఒక మనిషంత బరువు పడుతుంది, అర మిల్లీమీటరు పొర అక్కడ పల్లం కాక ఏమవుతుంది? లోపల బోలుగా ఉన్న బాడీలకు పైపలక పల్చగా ఉంటే ఈ ప్రెస్ జోలికే పోకండి.

తడి జిగురు మీద వెనీర్ జారుతుంది. బుక్‌మ్యాచ్ అతుకు (ఒకదానికొకటి అద్దంలా కనపడేలా పుస్తకంలా విప్పి కలిపిన రెండు పొరల అతుకు) నడిమి గీత నుంచి రెండు మిల్లీమీటర్లు జరిగినా గిటార్ ముఖం చూడగానే కనపడుతుంది. మెడ గుంట, పికప్ గుంట వచ్చే చోట్ల తల కత్తిరించిన సన్నటి మేకులు రెండు దిగ్గొట్టండి, ఆ భాగం ఎలాగూ తొలిచిపోతుంది. రౌటర్ (గుంటలు తొలిచే మిషన్) పెట్టే ముందు వాటిని పీకడం మర్చిపోకుండా బాడీ మీద పెన్సిల్‌తో గుర్తు రాసుకోండి. తిరిగే బిట్‌కు ఇనుము తగిలితే కంటికే ప్రమాదం.

వెనీర్ మీద పాలిథిన్ కాగితం, దాని మీద నున్నటి ఎండీఎఫ్ పలక, ఆ పైన గాలి పారే వల, చివర బ్యాగ్. పలక లేకుండా వల నేరుగా పెడితే ఆ గళ్ళు చెక్కలో అచ్చు పడతాయి. ఇసుక రవ్వ ఒకటి ఉన్నా అంతే. ఆ పలక వెనీర్ అంతే ఉండాలి, బయటికి పొడుచుకు వస్తే బ్యాగ్ దాని అంచుల్ని కిందికి లాగి నడుమ పైకి లేపుతుంది.

చెక్కిన గుండ్రటి టాప్ మీద వెనీర్ రెండు వైపులా ఒకేసారి వంగదు. స్ట్రాట్‌లో మోచెయ్యి ఆనించే వాలు లాంటి ఒంటి వంపు వరకే సాహసం చేయండి.

తీశాక

బ్యాగ్‌లోంచి తీసిన బాడీని బల్ల మీద పడుకోబెట్టకండి, అంచు మీద నిలబెట్టి రెండు ముఖాలకూ గాలి తగలనివ్వండి. నీటి జిగురైతే వానల్లో కనీసం వారం ఆగి ఎమరీ పట్టండి. అతుకు దగ్గర చెక్క ఇంకా ఉబ్బి ఉండగానే రుద్దితే, ఆరాక అక్కడ సన్నటి కాలువ దిగుతుంది. ముసురు పట్టిన రోజు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ కొడితే తెల్లగా పాలిపోతుంది, ఎండ కాసే రోజు దాకా ఆపండి.

ముందుగా గోటితో ముఖమంతా తట్టి చూడండి. బోలు శబ్దం వచ్చిన చోట నార వెంట బ్లేడుతో సన్నటి గాటు పెట్టి, సిరంజితో తెల్ల జిగురు లోపలికి ఎక్కించి, పైన కాగితం వేసి గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టెతో నొక్కండి. ఆ తర్వాత చదునైన చెక్క, ఒక క్లాంపు, రాత్రంతా. ఎపాక్సీతో అంటించిన బాడీ అయితే గాటులో ఎపాక్సీయే ఎక్కించి, ఇస్త్రీ లేకుండా క్లాంపు ఒక్కటే వేయండి.