నాటుకోడికి, బాతుకు జబ్బు చేస్తే ఇంటి దగ్గర చేయాల్సింది

కోడి తన జబ్బును చివరిదాకా బయటపెట్టదు. నలతగా కనబడితే మందలో మిగతావి పొడుస్తాయి కాబట్టి ఓపిక ఉన్నంతసేపూ వాటితోనే తిరుగుతుంది. ఈకలు ఉబ్బించి, రెక్కలు వేలాడేసి, మూల నిలబడి కునుకుతోందంటే జబ్బు ఇవాళ్టిది కాదని అర్థం. చాలామంది అప్పుడు మందు కోసం పరిగెడతారు. నిజానికి ఆ పూట దాన్ని బతికించేవి వెచ్చదనం, నీళ్లు.

ముందు మంద నుంచి విడదీయండి. గాలి తగిలే అట్టపెట్టె గానీ గంప గానీ చాలు. అడుగున ఊక వద్దు, పాత పేపరు పరవండి. రెట్ట ఎలా ఉందో దాని మీదే తెలుస్తుంది. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల పైన ఉంటుంది, జబ్బుపడ్డది దాన్ని నిలుపుకోలేదు. చలికాలంలో, వానల్లో పెట్టెకు ఒక పక్కన 60 వాట్ల పాతరకం బల్బు, అట్టకు తగలకుండా వేలాడదీయండి. ఎల్‌ఈడీ బల్బు వేడినివ్వదు. వేడి ఎక్కువైతే జరగడానికి రెండో పక్క ఖాళీ ఉంచాలి. మే నెల ఎండల్లో బల్బు జోలికి పోవద్దు. నోరు తెరిచి రొప్పుతుంటే నీడలోకి మార్చి కాళ్లు తడపండి. మేత, నీళ్లు ముందు మంచి కోళ్లకు పెట్టి, జబ్బుదాని దగ్గరికి చివర్న వెళ్లండి. చేతులతో పాటు చెప్పులూ కడగాలి.

లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో తలకొట్టి కలపండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ అయితే దాని మీద రాసినన్ని నీళ్లలో. ఉప్పు మించితే అదే విషం. రెండు రోజులకు మించి ఇవ్వకండి, ఏ రోజుది ఆ రోజే కలపండి. తనంతట తాగకపోతే ముక్కు కొన ముంచి చూపండి. అప్పటికీ తాగకపోతే డ్రాపర్‌తో ముక్కు అంచున ఒక చుక్క వేసి, మింగాక ఇంకొకటి వేయండి. నోరు తెరిచి పోయొద్దు. గాలిగొట్టం నాలుక వెనకే తెరుచుకుంటుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జబ్బుతో పోవాల్సినదానికంటే ముందే అలా పోతుంది.

ఇక పొద్దున్నే, మేత వేయకముందు, మెడ కింద మేత నిలిచే తిత్తిని తడమండి. ఆ వేళకు అది ఖాళీగా ఉండాలి. రాయిలా గట్టిగా ఉంటే పొడుగాటి గడ్డో, గోనె దారమో అడ్డుపడింది. ఆ రోజు మేత ఆపి, రెండు మూడు చుక్కల కొబ్బరినూనె, కొంచెం నీళ్లు మింగించి, రోజుకు నాలుగుసార్లు మెల్లగా మర్దన చేయండి. నీళ్ల సంచిలా ఊగుతూ పులిసిన వాసన వస్తే లోపల మేత కుళ్లింది. తలకిందులు చేసి కక్కించడం చూస్తుంటాం, అది గాలిగొట్టంలోకి పోతుంది, వద్దు. పశువుల డాక్టరుకు చూపించండి. రొమ్ము ఎముక కత్తిలా తగిలితే జబ్బు పాతది, ఎక్కువగా పాముల్లాంటి కడుపు పురుగులు.

రెట్టలో తెల్లటి టోపీ ఉండటం మామూలే. మధ్యమధ్య ఒకటి గోధుమరంగులో జిగటగా, కంపు కొడుతూ వస్తుంది, అదీ మామూలే. ఆకుపచ్చగా ఉంటే తినడం మానేసిందన్నమాట, లేదా కొక్కెర తెగులు (రాణిఖెట్ అనే వైరస్ జబ్బు). మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో నెత్తురు పడితే కాక్సిడియా అనే సూక్ష్మజీవి పేగుల్లో ఉంది. ఇందులో మందు బాగా పనిచేస్తుంది: 20 శాతం ఆంప్రోలియం పొడి లీటరు నీటికి 1.2 గ్రాములు, ఐదు రోజులు. ఆ తర్వాత లీటరుకు 0.3 గ్రాములు, ఒకటి రెండు వారాలు. వేరే తాగునీరు అందుబాటులో ఉండకూడదు. ఈ మందు బి1 విటమిన్‌ను అడ్డుకునే పనిచేస్తుంది కాబట్టి ఆ ఐదు రోజులూ బి విటమిన్ టానిక్ ఇస్తే మందు వృథా. తడి ఊక ఎత్తేసి పొడిది వేయకపోతే జబ్బు మళ్లీ వస్తుంది.

కొక్కెర తెగులుకు మందు లేదు. మెడ తిరిగిపోవడం, ఆయాసం, పచ్చటి పారుడు దాని గుర్తులు. వెల్లుల్లి, పసుపు మింగిస్తే తగ్గిందనేవాళ్లు ఉన్నారు, తగ్గినది ఈ జబ్బు కాకపోయి ఉండాలి. టీకా ఒక్కటే దారి: మొదటి వారంలో లసోటా కంట్లో ఒక చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌2బి చర్మం కింద అర మిల్లీలీటరు. ఐసు పెట్టెలో తెచ్చి, కలిపాక రెండు గంటల్లో అయిపోయేలా చూడాలి. నలతగా ఉన్నవాటికి వేయొద్దు.

తురాయి మీద, కళ్ల చుట్టూ పొక్కులు లేస్తే మశూచి. దోమలు తెస్తాయి. పక్కులు గిల్లకండి, రోజూ పోవిడోన్ అయోడిన్ అద్దితే చాలు, మూడు నాలుగు వారాల్లో రాలతాయి. కళ్లు మూసుకుపోయినదాన్ని చేత్తో తినిపించకపోతే ఆకలితో చస్తుంది.

పెట్ట ముక్కుతూ, తోక ఆడిస్తూ, గూట్లోకి పోయి వస్తూ ఉంటే గుడ్డు అడ్డం పడిందేమో చూడండి. చేతికి ఓర్చుకునే గోరువెచ్చని నీళ్లలో పొట్ట మునిగేలా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, తుడిచి, ద్వారం దగ్గర నూనె రాసి, చీకటి పెట్టెలో ఉంచండి. నొక్కితే గుడ్డు లోపల పగులుతుంది. ఒక పూటలో రాకపోతే డాక్టరు పని.

బాతు కోడి కాదు. దానికి తల మునిగేంత లోతైన నీళ్లుండాలి. ముక్కు రంధ్రాలు, కళ్లు అందులోనే కడుక్కుంటుంది, లేకపోతే కళ్ల చుట్టూ నురగ, పుసి చేరతాయి. అలాగని జబ్బుదాన్ని చెరువులోకి వదలొద్దు, ఈకలు నీరు పట్టి వణికి చస్తుంది. పక్కన లోతు గిన్నె పెట్టండి. నూకలు, తవుడు మాత్రమే తినే పిల్లలు కుంటుతూ, కాళ్లు వంకరపోయి కూలబడితే నియాసిన్ (బి3 విటమిన్) లోటు. కోడిపిల్లలకంటే వాటికి ఇది ఎక్కువ కావాలి. మేతలో నియాసిన్ ఉన్న ఈస్టు పొడి కలిపితే మొదట్లో లేస్తాయి, ఆలస్యమైతే కాళ్లు అలాగే ఉండిపోతాయి. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క వాటికి కొంచెమైనా విషమే, కోడి తట్టుకున్నది బాతుపిల్ల తట్టుకోదు. ఎండల్లో మురిగిన కుంటలో తిరిగి మెడ వాలిపోతే, కుళ్లిన కళేబరాల పురుగులు తిన్నదనుకోండి. కుంట నుంచి తప్పించి మంచినీళ్లు పట్టించండి.

ఒక్క రోజులో రెండు మూడు చచ్చినా, తురాయి నీలంగా మారినా ఇంటి వైద్యం ఆపండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. బాతులు పైకి బాగున్నట్టే ఉండి దాన్ని మోయగలవు. చచ్చినదాన్ని కోయొద్దు, వండొద్దు, కాల్వలో పారేయొద్దు. పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పేదాకా ముట్టకండి. మామూలు చావయితే, కుక్కలు తవ్వలేని మూడు నాలుగు అడుగుల గొయ్యిలో సున్నం చల్లి, బావికి దూరంగా పూడ్చండి. యాంటీబయాటిక్ వాడిన పెట్ట గుడ్లు, మాంసం మందు డబ్బా చీటీ మీద రాసిన రోజులు గడిచేదాకా తినకండి. చీటీ మీద లేకపోతే డాక్టరును అడిగి తెలుసుకోండి.