అడవి మంటల దగ్గర జట్టు పని – పాఠం 4: మాట మింగకూడదు

గత పాఠంలో మంట నడక చూశాం. వాలు పది డిగ్రీలు పెరిగితే పైకెక్కే మంట వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. పగలు గాలి లోయలోంచి గట్టు మీదికి ఎక్కుతుంది, పొద్దు వాలాక కిందికి దిగుతుంది. ఈసారి మనుషుల దగ్గరికి వద్దాం. నల్లమలలోనో శేషాచలంలోనో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా మంటలు ఆర్పే ఫైర్ వాచర్లు, బీట్ ఆఫీసర్లు, వన సంరక్షణ సమితి సభ్యులను మనసులో పెట్టుకుని రాస్తున్న పాఠం ఇది.

1994 జూలై 6న అమెరికాలోని కొలరాడోలో, స్టార్మ్ కింగ్ కొండ మీద మంట ఆర్పుతూ 14 మంది చనిపోయారు. ఓక్ పొదలు దట్టంగా ఉన్న వాలు మీద పైనుంచి కిందికి ఫైర్ లైన్ (మంటను ఆపడానికి పొదలూ గడ్డీ తీసేసి మట్టి బయటపెట్టిన బాట) కొట్టుకుంటూ దిగుతున్నారు, మంటేమో వాళ్లకు కింద ఉంది. ఆ లైన్ మీద కొందరికి అనుమానం కలిగింది, పైకి అన్నవాళ్లూ ఉన్నారు. అయినా పని ఆగలేదు. మధ్యాహ్నం గాలులు బలంగా వీస్తాయని వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది, కానీ ఆ కబురు కొండ మీదికి చేరలేదు. సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో గాలి అందుకుంది, మంట వాళ్ల కిందికి పాకి వాలెక్కింది. వాళ్లకు పని రాకపోవడం కాదు, వాళ్లలో ఎక్కువమంది అనుభవజ్ఞులు. తెలిసిన సంగతి తెలియాల్సినవాళ్లకు తెలియలేదు, కలిగిన అనుమానం నిర్ణయంగా మారలేదు. ఈ పాఠం ఈ రెండింటి గురించే.

సూచన వేరు, చెప్పడం వేరు

మన దగ్గర చిన్నవాడు పెద్దవాడికి, వాచర్ ఆఫీసరుకి ఎదురు చెప్పినట్టు కాకూడదని మాటను మెత్తగా చేస్తాడు. “గాలి కాస్త ఎక్కువైనట్టుంది సార్” అంటాడు. బ్లోయర్ (ఎండుటాకులను గాలితో ఊది పక్కకు తోసే, వీపున మోసే యంత్రం) చప్పుడులో, పొగలో, ఆరు గంటలుగా నడుస్తున్న మనిషి చెవికి అది కబుర్లలో కలిసిపోతుంది. “ఆ, ఎండాకాలం కదా” అని ముందుకు సాగుతాడు. చెప్పినవాడు చెప్పాననుకుంటాడు, విన్నవాడికి హెచ్చరిక అందనే లేదు.

అందుకే మాటకు ఒక కట్టు పెట్టుకోవాలి. ముందు పిలుపు, తర్వాత కంటికి కనిపించింది, ఆ తర్వాత దాని వల్ల వచ్చే ప్రమాదం, చివర ఏం చేయాలో. ఇలా:

“సార్, ఒక్క మాట. పొగ ఇందాక గట్టు వైపు పోయేది, ఇప్పుడు మన మీదికి వంగింది. మంట వాగులోకి దిగితే మన వెనక దారి మూసుకుపోతుంది. లైన్ వదిలి కాలిన నేలలోకి వెళ్దాం.”

ఇందులో అమర్యాద ఏమీ లేదు. “సార్, ఒక్క మాట” అనేది జట్టు ముందే ఒప్పుకున్న గుర్తు. అది వినపడితే సెక్షన్ ఆఫీసరైనా చేతిలో పని ఆపి, మొహం తిప్పి వినాలి, విన్నది తన నోటితో తిరిగి చెప్పాలి. ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి. కారణం విన్నాక కూడా ప్రాణభయం ఉందనిపిస్తే ఆ పని చేయనని చెప్పే హక్కు వాచర్‌కు ఉండాలి. అమెరికా అటవీ అగ్నిమాపక దళాల చేతిపుస్తకంలో పని నిరాకరించే పద్ధతి రాసి ఉంటుంది: ప్రమాదం ఏమిటో చెప్పాలి, వీలైతే బదులు పని చూపించాలి. పెద్దవాళ్లు అదే పనిని ఇంకో జట్టుకు అప్పగిస్తే, ముందు జట్టు ఎందుకు కాదందో ఆ జట్టుకు తప్పకుండా చెప్పాలి. ఈ చివరి షరతు చాలా విలువైనది. ఒకరు వద్దన్న పనిలోకి ఇంకొకరు ఏమీ తెలియకుండా దిగకూడదు.

ఆఫీసర్లకు ఒక మాట. మీ అభిప్రాయం ముందు చెప్పేస్తే ఆ తర్వాత అందరి నోటా “సరే సార్” తప్ప ఏమీ రాదు. జట్టులో అందరికంటే చిన్నవాడిని, లేదా ఆ అడవిలోనే పుట్టి పెరిగిన చెంచు వాచర్‌ను ముందు అడగండి. “అర్థమైందా?” అని అడగొద్దు, దానికి జవాబు ఎప్పుడూ అవుననే వస్తుంది. “మంట వాగు దాటితే నువ్వు ఎటు పోతావు?” అని అడగండి.

నాలుగు సంగతులు: కాపలా, కబురు, దారి, చోటు

అమెరికాలో పాల్ గ్లీసన్ అనే అగ్నిమాపక జట్టు నాయకుడు 1991లో ఈ నాలుగింటినీ ఒక్క కట్టగా కట్టాడు. ఒక్కటి తెగినా మిగతా మూడూ పనికిరావు.

కాపలా మనిషి మంటనూ జట్టునూ రెండింటినీ చూడగల చోట ఉండాలి, చేతిలో ఇంకే పనీ ఉండకూడదు. మనుషులు చాలనప్పుడు అతని చేతికీ పచ్చికొమ్మ ఇచ్చి ఆర్పడానికి పంపేస్తారు. ఎక్కువగా జరిగే తప్పు ఇదే. కబురు సంగతి కింద బ్లోయర్, పేర్ల భాగాల్లో చూద్దాం.

తప్పుకునే దారిని వేలితో చూపిస్తే సరిపోదు, నడిచి చూడాలి. జట్టులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాడి చేత, వీపు మీద బ్లోయర్‌తోనే నడిపించి గడియారం చూడండి. ఉదాహరణకు 6 నిమిషాలు పట్టింది అనుకుందాం. పొగలో కాలు తడబడుతుంది కనుక 9 వేసుకోండి. కబురు అందడానికి, అందరూ కూడడానికి ఇంకో 3. మొత్తం 12 నిమిషాలు. ఇప్పుడు మంట వేగం. రెండు చెట్ల మధ్య దూరం అడుగులతో కొలిచి, మంట ముందంచు ఆ దూరం ఎంతసేపట్లో దాటిందో చూడండి. చదునులో నిమిషానికి 10 మీటర్లు అయితే, 20 డిగ్రీల వాలు మీద దాదాపు 40. పన్నెండు నలభైలు 480. అంటే మంట మనకు 500 మీటర్ల దూరంలో ఉన్న ఏదో ఒక గుర్తు, ఒక బండో మద్దిచెట్టో, తాకగానే కదలాలి. ఆ గుర్తును పొద్దున్నే పేరుపెట్టి అందరికీ చూపించాలి. అంత దూరంలో గుర్తు కనిపించని చోటైతే అక్కడ లైన్ కొట్టకండి, ఇంకో చోటు వెతకండి.

చోటు అంటే మంట వచ్చినా నిలబడగలిగే నేల. బాగా కాలి చల్లబడిన నేల అన్నింటికంటే మంచిది. గాలి లేని చదునులో మంట ఎత్తుకు కనీసం 4 రెట్లు దూరం అన్ని వైపులా ఉండాలి. ఎండిన బోదగడ్డిలో మంట 3 మీటర్లు లేస్తే చుట్టూ 12 మీటర్లు, అంటే 25 మీటర్ల వెడల్పు ఖాళీ నేల. వాలు మీద, గాలిలో అది చాలదు. వాగు ఇసుక చల్లగా కనిపించి మోసం చేస్తుంది. ఇరుకు వాగు పొగగొట్టంలా మంటను పైకి లాగుతుంది.

బ్లోయర్ మనిషి

ఆకురాలు అడవిలో నేలమంటకు బ్లోయర్‌ను మించిన పనిముట్టు లేదు. కానీ దాన్ని వీపున వేసుకున్నవాడికి ఏమీ వినపడదు, చూపు కూడా గొట్టం మొన మీదే ఉంటుంది. ఎంత అరిచినా లాభం లేదు. అతనికి ఒక జత మనిషిని కట్టండి. మూడు నాలుగు అడుగుల వెనక, పక్కకు, ఎప్పుడూ అతని కంటే పైకి చూస్తూ ఉండాలి. భుజం మీద ఒక్క తట్టు అంటే “ఆగి విను”, పట్టీ పట్టి లాగితే “ఇప్పుడే కదులు”. ఈ జత మనిషి పెట్రోలు డబ్బా మోయకూడదు. డబ్బా మంటకు దూరంగా, కాలిన నేలలో, వేరే మనిషి దగ్గర ఉండాలి. జట్టంతటికీ విజిల్ గుర్తు ఒక్కటే: మూడు పొడుగు ఊదులు, వెనక్కి.

పారిపోవలసి వస్తే బ్లోయర్ వదిలేయాలని ఆఫీసరు పొద్దున్నే, అందరి ముందూ, నోరు తెరిచి చెప్పాలి. లెక్క చెప్పాల్సిన సర్కారు సొత్తు అనే భయం మనిషి వీపు మీద నుంచి దాన్ని దిగనివ్వదు. స్టార్మ్ కింగ్ కొండ మీద కొందరు చివరిదాకా సామాను వదల్లేదు. అంతకు 45 ఏళ్ల ముందు, 1949 ఆగస్టు 5న, మోంటానాలోని మాన్ గల్చ్‌లో నాయకుడు వాగ్నర్ డాడ్జ్ పనిముట్లు పారేయమన్నాడు. తరుముతున్న మంటకు ముందు గడ్డికి తనే నిప్పుపెట్టి, ఆ కాలిన బూడిదలోకి రమ్మని పిలిచాడు. అలాంటిది వాళ్లు ఎన్నడూ చూడలేదు, వినలేదు. ఎవరూ రాలేదు. ఆ బూడిదలో పడుకున్న డాడ్జ్ బతికాడు, ఆనాడు 13 మంది పోయారు. ఆఖరి నిమిషంలో వచ్చే కొత్త మాట ఎంత మంచిదైనా చెవికెక్కదు.

పేర్లు, తలలెక్క

వాకీటాకీలో “పెద్దవాగు దగ్గరికి రండి” అంటే ఏ పెద్దవాగు? పటంలో ఒకటి, చెంచు పెంటలో (గూడెంలో) పిలిచేది ఇంకొకటి. పొద్దున్నే ఐదారు చోట్లకు అందరూ ఒప్పుకున్న పేర్లు పెట్టండి. “సరే” అనడం జవాబు కాదు, అందిన మాటను తిరిగి చెప్పాలి: “బండ దాటి కాలిన నేలలోకి, ఏడుగురం, కదిలాం.”

ఆ “ఏడుగురం” చాలా ముఖ్యం. మంట చూసి సాయానికి వచ్చిన పశువుల కాపరులు, ఊరివాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు. వచ్చినవాడిని వచ్చినట్టే ఒక జతకు కలిపి పేరు రాసుకోండి. పనిలోకి దిగేముందు, చోటు మారిన ప్రతిసారీ, తిరిగి బండి ఎక్కేముందు తలలు లెక్కపెట్టండి.

ఈ వారం అభ్యాసం

మంట లేని రోజున బేస్ క్యాంపు దగ్గర ఒక వాలు ఎంచుకోండి. బ్లోయర్ నడుస్తుండగా కాపలా మనిషి విజిల్ ఊదాలి. చివరి మనిషి “చోటు” చేరేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. ఎవరికి విజిల్ వినపడలేదో, ఎవరు సామాను కోసం వెనక్కి తిరిగారో కూడా రాయండి. రెండోసారి ఆఫీసరు కావాలనే ఒక తప్పుడు ఆజ్ఞ ఇవ్వాలి, మంట ఉందనుకున్న వైపే వాలు దిగమనాలి. “సార్, ఒక్క మాట” అని ఎవరు, ఎంతసేపటికి అన్నారో చూడండి. ఆ కాగితం దాచి ఉంచండి, పని ముగిశాక జట్టు కూర్చుని మాట్లాడుకునే పద్ధతి నేర్చుకునే 5వ పాఠంలో దానితోనే మొదలుపెడతాం.