గ్యారేజీ సొంతంగా కట్టుకోవాలా, కాంట్రాక్టరుకు అప్పగించాలా: పనిని విడదీసి నిర్ణయించుకునే పద్ధతి

ఇంటి పక్కన గ్యారేజీ కట్టుకోవాలనుకునే వారు సాధారణంగా ‘మనమే కట్టుకుందామా, ఎవరికైనా అప్పగిద్దామా’ అని మొత్తం పనిని ఒకే ముద్దగా చూసి ప్రశ్నించుకుంటారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు దొరకకపోవడానికి కారణం అదే. గ్యారేజీ అంటే ఒక పని కాదు. ముగ్గు పోయడం (అంటే కట్టబోయే కొలతలను నేల మీద గీయడం), పునాది తవ్వడం, నేల కాంక్రీటు, గోడలు, పైకప్పు, తలుపు, కరెంటు, ప్లాస్టరింగు, రంగులు అన్నీ వేర్వేరు పనులు, వేర్వేరు నైపుణ్యాలు. ఒక్కో పనిని విడిగా తీసుకొని రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇందులో తప్పు జరిగితే తరువాత సరిదిద్దుకోగలమా? మొదలుపెట్టిన పనిని మధ్యలో ఆపి, వారం తరువాత మళ్లీ అందుకోగలమా? రెండింటికీ అవునని జవాబు వచ్చే పనిని నిశ్చింతగా సొంతంగా చేసుకోవచ్చు. రెండింటికీ కాదని వస్తే, చేతిలో ఎంత ఉత్సాహం ఉన్నా దానిని అనుభవజ్ఞులకు వదిలేయడమే మంచిది.

ఈ లెక్క వేయక ముందే కొలతలు, అనుమతి తేలాలి. ఒక కారుకు లోపలి కొలత 3 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు ఉంటే బండి పడుతుంది గానీ, తలుపు తీసుకొని దిగడం ఇబ్బందే. వెడల్పు 3.6 మీటర్లు ఉంటే రోజూ సుఖంగా వాడుకోవచ్చు. మీ కారు రెండు వైపులా తలుపులు తెరిచి టేపు పట్టి కొలిచిన అంకె ఏ పట్టికకన్నా నమ్మదగినది. స్థలం హద్దు నుంచి ఎంత దూరం వదలాలి, ప్లాను మీద ఇంజనీరు సంతకం అవసరమా, వైరింగును లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలా అన్నవి స్థానిక భవన నిర్మాణ నిబంధనలను బట్టి మారతాయి. అందువల్ల మొదట ఆ కార్యాలయంలో అడగండి. మీరు తీసుకోవలసిన నిర్ణయాల్లో కొన్నింటిని ఆ నిబంధనలే తీసుకుంటాయి.

ముగ్గు పోయడం ఓపిక ఉన్న ఎవరికైనా సాధ్యమే. మూల సరిగ్గా లంబకోణంలో ఉందో లేదో చూడడానికి ఒక దారం మీద 3 మీటర్లు, రెండో దారం మీద 4 మీటర్లు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం 5 మీటర్లు వచ్చేలా సర్దాలి. 3.6 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు గీసిన తరువాత ఎదురెదురు మూలల మధ్య ఐమూలగా రెండు వైపులా కొలిస్తే, రెండూ సమానంగా, 7 మీటర్లకు కేవలం 3 మిల్లీమీటర్లు తక్కువగా రావాలి. ఇక్కడ పొరపాటు జరిగినా మేకులు పీకి మళ్లీ పాతుకోవచ్చు. తవ్వకం కూడా సొంతంగా చేసుకోదగినదే కాని, భూమిలో నీటి పైపులు, కరెంటు కేబుళ్లు ఎక్కడ ఉన్నాయో ముందుగా తెలుసుకొని తీరాలి. గ్యారేజీ ఇంటి గోడకు ఆనుకొని ఉంటే మాత్రం, ఇంటి పునాది అడుగుకన్నా లోతుగా ఇంజనీరును అడగకుండా తవ్వకండి. పునాది కింది మట్టి జారితే దెబ్బతినేది గ్యారేజీ కాదు, ఇల్లు.

నేల కాంక్రీటు దగ్గరే ఎక్కువమంది తమ శక్తిని తప్పుగా అంచనా వేస్తారు కనుక ఇక్కడ లెక్క వివరంగా చెబుతాను. పైన చెప్పిన కొలతల నేలకు 100 మిల్లీమీటర్ల మందం వేస్తే సుమారు 2.16 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. ఘనపు మీటరు దాదాపు 2,400 కిలోలు తూగుతుంది కాబట్టి, అది 5 టన్నులకు పైగా బరువు. అంతటినీ కలిపి, మోసి, పరిచి, మట్టం చేసి, నునుపు చేయడం ఒకే విడతలో జరగాలి. భోజనానికని గంటసేపు ఆపితే, అప్పటికి బిగుసుకోవడం మొదలైన భాగానికీ కొత్తగా పోసిన భాగానికీ మధ్య అతుకు పడుతుంది, తరువాత అక్కడే పగులుతుంది. ఎండ తీవ్రంగా ఉంటే వ్యవధి ఇంకా తగ్గిపోతుంది. పైగా నేల తలుపు వైపు మీటరుకు 1 సెంటీమీటరు చొప్పున, అంటే 6 మీటర్లకు 6 సెంటీమీటర్లు వాలుగా ఉండాలి. ఆ వాలు లోపలికి తిరిగితే వాన నీరు, బండి కడిగిన నీరు వెనుక గోడ దగ్గర నిలుస్తాయి. గట్టిపడిన నేలను సరిచేయాలంటే పగలగొట్టడమో, పైన ఇంకో పొర వేయడమో తప్ప మార్గం లేదు.

అయితే కాంక్రీటు పోసే రోజు ముందున్న పనీ తరువాత ఉన్న పనీ మీవే కావచ్చు. మట్టిని తడిపి దిమ్మిస చేయడం, కంకర పరవడం, చెమ్మ పైకి రాకుండా పాలిథిన్ షీటు వేయడం, అంచులకు చెక్కలు బిగించడం ఆగి ఆగి చేసుకోగల పనులు. పోసే రోజుకు మేస్త్రీని, నలుగురైదుగురు కూలీలను పిలవండి. ఆ తరువాత కనీసం 7 రోజులు నేల ఆరిపోకుండా నీళ్లు పట్టే బాధ్యతను మీరే తీసుకోండి. నా అభిప్రాయంలో ఇంటి యజమాని చేతుల్లో అందరికన్నా బాగా జరిగే పని ఇదే. ఎందుకంటే కూలీలు మరో చోటికి వెళ్లిపోతారు, మీరు అక్కడే ఉంటారు.

గోడలు మధ్యస్థమైన పని. వరుస వంకర పోతే ఆ రోజే విప్పి మళ్లీ కట్టవచ్చు. అయినా తలుపు మీద వచ్చే లింటెల్‌ను, అంటే పై గోడ బరువును మోసే అడ్డ దూలాన్ని, మాత్రం తెలిసినవారే వేయాలి. పైకప్పు విషయంలో నా మాట స్పష్టం: మొదటిసారి కట్టేవారు స్లాబు జోలికి పోకూడదు. 120 మిల్లీమీటర్ల స్లాబు ఈ కొలతకే 6 టన్నులు దాటుతుంది. సెంట్రింగు (కాంక్రీటు గట్టిపడేదాకా కింద నిలబెట్టే చట్రం) బలహీనమైనా, చువ్వలు కట్టడం తప్పినా, ఆసరాలు తొందరపడి తీసినా అది మనుషుల మీదికి కూలుతుంది. రేకుల కప్పు తేలికే కాని, తెరిచిన తలుపు గుండా దూసుకొచ్చే గాలి దానిని కింది నుంచి ఎత్తేస్తుంది. అందుకే బిగింపులు సరిగ్గా ఉండాలి. పైకి మడిచే తలుపుల స్ప్రింగులు తీవ్రమైన బిగువులో ఉంటాయి, అవి జారితే ప్రాణాపాయం. కరెంటు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

డబ్బు పోల్చేటప్పుడు కాంట్రాక్టరు చెప్పిన మొత్తం పక్కన సిమెంటు, ఇటుకల ఖర్చు మాత్రమే రాసి మురిసిపోవద్దు. వృథా కింద 5 నుంచి 10 శాతం, పరికరాల అద్దె, రవాణా, చెత్త తరలింపు కూడా కలపండి. ఒక్కో పనికి ఎన్ని రోజులు పడుతుందనుకుంటున్నారో రాసి, కొత్తవారైతే దానిని రెట్టింపు చేయండి. మిగులుతుందనుకున్న డబ్బును ఆ రోజులతో భాగిస్తే, మీరు మీకే ఇచ్చుకుంటున్న రోజుకూలీ తెలుస్తుంది. అది మీ ఉద్యోగపు రోజు సంపాదనకు ఎంత దూరంలో ఉందో చూస్తే చాలా సందేహాలు తీరిపోతాయి. పని చేయడంలోనే సంతోషం ఉన్నవారికి ఆ అంకె తక్కువైనా పరవాలేదు, అది తెలిసి దిగడం ముఖ్యం.

అప్పగించాలని తేలితే, ముందుగా నేల మందం, సిమెంటు పాళ్లు, చువ్వల పరిమాణం, తలుపు రకం ఒక కాగితం మీద రాసి, అదే కాగితాన్ని ముగ్గురికి ఇచ్చి ధర అడగండి. లేకపోతే ముగ్గురూ మూడు వేర్వేరు గ్యారేజీలకు ధర చెబుతారు. కూలీ కాంట్రాక్టా, మెటీరియల్‌తో కలిపా అన్నది మొదటే తేల్చుకోండి. మీరు ఎంచుకోబోయే కాంట్రాక్టరు ఈ మధ్యే కట్టినవి కాక, రెండు వానాకాలాలు చూసిన కట్టడాన్ని వెళ్లి చూడండి. కూలీలకు గాయమైతే బీమా ఎవరిదో రాయించుకోండి. చెల్లింపులను తేదీలకు కాక పూర్తయిన పనికి ముడిపెట్టండి: పునాదికి కొంత, గోడలకు కొంత, కప్పుకు కొంత. చివరి 5 నుంచి 10 శాతం చేతిలోనే ఉంచుకొని, వెనుక గోడ దగ్గర నాలుగు బకెట్ల నీళ్లు కుమ్మరించి అవి తలుపు దాటి బయటికి పారిన తరువాత, తలుపు పదిసార్లు తెరిచి మూసి చూసిన తరువాత, వీలైతే ఒక పెద్ద వాన కురిసి కప్పు కారలేదని తేలిన తరువాత ఇవ్వండి.