అలర్ట్ మోగిందా? ముందు కరెంటు సంగతి చూడండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ సైడు మనోళ్ళలో ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాపో రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరో సర్వర్‌లా పెట్టుకుని, దాని మీద హోమ్ అసిస్టెంటు (ఇంట్లో సెన్సర్లు, స్విచ్‌లు చూసుకునే సాఫ్ట్‌వేర్), అప్‌టైమ్ కుమా (ఏది నడుస్తోందో, ఏది ఆగిందో చూసి చెప్పేది), సీసీ కెమెరా రికార్డింగు, మేడ మీద ట్యాంకు సెన్సరు అన్నీ నడిపేవాళ్ళ కోసం ఇది. పెట్టడం అయిపోద్ది, యూట్యూబ్ చూస్తే ఎవరైనా పెట్టీగలరు, కానీ అర్ధరాత్రి ఫోన్ టింగుమంటే లేవాలా పడుకోవాలా అన్నది ఎవరూ చెప్పరు.

మొట్టమొదట అలర్ట్‌లో ఏం రాసుందో కాదు, దాంతో పాటు ఇంకేం వచ్చాయో, ఎన్నింటికి వచ్చాయో చూడండి. వైశాఖంలో సాయంత్రం గాలివాన లేచిందనుకోండి, కెమెరా ఆఫ్‌లైను, సైటు డౌను, బెడ్రూమ్ సెన్సరు అన్‌అవైలబుల్, ట్యాంకు సెన్సరు కూడా అన్‌అవైలబుల్, అన్నీ రెండు నిమిషాల్లో వచ్చి పడతాయి. నాలుగు సమస్యలు కావు అవి, కరెంటు పోయింది అంతే. ఏది ముందొచ్చిందో అదే కారణం అనుకోకండి, కుమా మామూలుగా 60 సెకన్లకోసారి చూస్తుంది, ఒక్కోదాన్ని ఒక్కో టైముకి చూస్తుంది కాబట్టి వరస అటూఇటూ అవుద్ది.

యూపీఎస్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో సర్వర్‌కి కలిపి యూపీఎస్ సంగతి చెప్పే నట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే సగం అనుమానాలు తీరిపోతాయి. అందులో ఓఎల్ అంటే లైను కరెంటు మీద ఉంది, ఓబీ అంటే బ్యాటరీ మీద ఉంది, ఎల్‌బీ అంటే బ్యాటరీ అయిపోవచ్చింది, ఆర్‌బీ అంటే బ్యాటరీ మార్చమని. ఓబీకి గాభరా అక్కర్లేదు. ఎల్‌బీ వస్తే మాత్రం సర్వర్ దానంతటదే షట్‌డౌన్ అయ్యేలా ముందే సెట్ చేసుండాలి, అప్పుడు లేచి చేద్దాం అంటే టైముండదు. నిమిషంలో ఓఎల్, ఓబీ, ఓఎల్, ఓబీ అని ఆడుతుంటే కరెంటు పోవట్లేదు, వోల్టేజీ ఊగుతోంది. 230 ఉండాల్సింది ఎంతకి పడుతోందో ఇన్‌పుట్ వోల్టేజీ గ్రాఫ్‌లో చూడండి, పక్కింట్లో మోటారు వేసే టైముకే పడుతోందా అనేది కూడా దొరికిపోద్ది.

డిస్క్ అలర్ట్ మాత్రం వేరే కథ, దీనికి లేవాలి. స్మార్ట్ రిపోర్ట్‌లో, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే చెప్పే లెక్కలో, నెంబర్లు బోలెడుంటాయి, నేనైతే 5, 197, 198, 199 తప్ప మిగతావి పెద్దగా చూడను. 199 (డేటా అటూఇటూ పంపడంలో వచ్చిన తప్పుల లెక్క) పెరిగితే చాలాసార్లు డిస్క్‌ది తప్పు కాదు, డేటా కేబుల్ వదులు, మార్చేయండి, కానీ ఆ లెక్క మళ్ళీ సున్నాకి రాదు, కాబట్టి కేబుల్ మార్చాక ఇంకా పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. 197 అంటే చదవలేకపోతున్న సెక్టార్లు (డిస్క్‌లో డేటా ఉండే చిన్న ముక్కలు) క్యూలో ఉన్నాయని, 198 అంటే ఇక సరిచేయలేమని తేలినవని, ఇవి కనపడిన రోజే బ్యాకప్ తీసీండి. 5వ నెంబరు, అంటే పాడై పక్కన పెట్టేసిన సెక్టార్ల లెక్క, 8 దగ్గర ఆగి నెలల తరబడి అలాగే ఉంటే నడుస్తుంది, వారం వారం పెరుగుతుంటే కొత్త డిస్క్ కొనడమే.

డిస్క్ 90 శాతం నిండింది అంటే ఎంత స్పీడుగా నిండిందో చూడాలి. కెమెరా రికార్డింగు డిస్క్ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, పాతది చెరిపి కొత్తది రాస్తుంది, దాని మీద అలర్ట్ పెట్టడమే దండగ. రాత్రికి రాత్రి 40 నుంచి 90కి పోతే ఏదో ప్రోగ్రాం తన లాగ్ ఫైలు (తను చేసిందల్లా రాసుకునే ఫైలు) పిచ్చెక్కి రాస్తోందని అర్థం. డిలీట్ చేసినా జాగా తిరిగి రాకపోతే ఆ ఫైలుని ఇంకా ఏదో ప్రోగ్రాం పట్టుకునుంది, ఆ ప్రోగ్రాంని రీస్టార్ట్ చేస్తే వదులుద్ది.

లోడ్, అంటే సర్వర్ మీదున్న పనుల లెక్క, 12 అని వచ్చి సీపీయూ మాత్రం ఖాళీగా కనిపిస్తే డిస్క్ కోసం ఎదురుచూస్తున్న పనులు అవి, లినక్స్ వాటిని కూడా లోడ్‌లో కలిపేస్తుంది. ర్యామ్‌లో ఫ్రీ తక్కువుందని కంగారొద్దు, అవైలబుల్, అంటే అవసరమైతే వాడుకోగలిగేది ఎంతో, అది చూడండి.

సెన్సర్ల దగ్గర ఒక తమాషా ఉంది. డీఎస్18బీ20 టెంపరేచర్ సెన్సరు ఉన్నట్టుండి సరిగ్గా 85 డిగ్రీలు చూపిస్తే ఇల్లు అంటుకోలేదు, అది కరెంటు ఇవ్వగానే కొలవకముందు చూపించే అంకె. మైనస్ 127 వస్తే వైరు ఊడింది. అసలు వేడి 31, 33, 36 అలా మెట్లెక్కుతూ వస్తుంది, ఒక్క గెంతులో రాదు. అందుకే ఒక్క రీడింగుకి అలర్ట్ కొట్టించకండి, మూడు నిమిషాలు వరసగా ఎక్కువుంటేనే కొట్టమనండి. కుమాలో కూడా రీట్రై (డౌన్ అని చెప్పేముందు మళ్ళీ ఎన్నిసార్లు చూడాలో) 0 ఉంటే 3 పెట్టండి, సగం గోల తగ్గుద్ది.

ఇక అన్నిటికన్నా ముఖ్యం, అలర్ట్ రాలేదంటే అంతా బాగుందని కాదు. రూటరు ఆగిపోతే సర్వర్ ఎంత అరిచినా బయటికి రాదు, సర్వరే పోతే చెప్పేదెవరు? అందుకే రూటరునీ, ఫైబర్ డబ్బానీ కూడా యూపీఎస్ మీదే పెట్టండి, ఇంకా ఇంటి నుంచి 5 నిమిషాలకోసారి బయటున్న హార్ట్‌బీట్ సర్వీసుకి ఒక పింగ్, అంటే బతికే ఉన్నానని చిన్న కబురు, వెళ్ళేలా పెట్టండి, అది ఆగితే మీకు మెసేజ్ వాళ్ళు పంపుతారు. 2018 అక్టోబర్‌లో వచ్చిన తిత్లీ తుఫాను లాంటిది వచ్చినప్పుడు దూరంగా ఉన్నోళ్ళకి తెలిసే దారి అదొక్కటే.

ఇవన్నీ పెట్టాక ఒక ఆదివారం మధ్యాహ్నం యూపీఎస్ ప్లగ్ పీకీసి ఏయే మెసేజులు వస్తున్నాయో రాసుకోండి. మీరు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉండి ఇంట్లో అమ్మా నాన్నా మాత్రమే ఉంటే, ఏ స్విచ్ ఆపి ఎన్ని నిమిషాలాగి వెయ్యాలో పెద్దక్షరాలతో రాసి యూపీఎస్ మీద అంటించండి, తెలుగు రాని కుర్రాడెవరైనా సాయానికి వస్తే చదువుకోడానికి కింద ఒడియాలో కూడా రాయించండి.