ఇంగ్లీష్‌ల ప్రిపొజిషన్ ఏది పెట్టాలె?

హన్మకొండల రూమ్ తీసుకొని ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్), బ్యాంక్ ఎగ్జామ్స్‌కి చదివే పిల్లలు గ్రామర్ రూల్స్ అన్నీ అప్పజెప్తరు గానీ ప్రిపొజిషన్ (ఇన్, ఆన్, ఎట్ లాంటి చిన్న మాట) కాడికొచ్చేసరికి మార్కులు పోగొట్టుకుంటరు, ఎందుకంటే ముందు తెలుగుల అనుకొని దాన్నే ఇంగ్లీష్‌లకు మారుస్తరు.

'నుంచి' తీసుకోండి. కాజీపేట నుంచి వచ్చిన అంటే ఫ్రమ్. 2019 నుంచి ఇక్కడ్నే ఉంటున్న అంటే సిన్స్, ఎందుకంటే మొదలైన టైమ్ చెప్తున్నం. ఐదేళ్ల నుంచి ఉంటున్న అంటే ఫర్, ఎంతసేపు అనేది చెప్తున్నం కాబట్టి. మనకు మూడింటికీ ఒక్కటే మాట, అందుకే 'సిన్స్ ఫైవ్ ఇయర్స్' అని రాసేస్తరు, అది తప్పు. ఖాళీ తర్వాత ఉన్నది మొదలైన టైమా, లేకపోతే ఎంతకాలమా, అది చూస్తే చాలు. ఇంకోటి, ముందు 'హ్యావ్ బీన్ లివింగ్' ఉండాలె, 'యామ్ లివింగ్ సిన్స్' అనొద్దు.

టైమ్‌కి అయితే గడియారం టైమ్‌కి ఎట్, రోజుకు, తేదీకి ఆన్, నెలకు, సంవత్సరానికి ఇన్. పొద్దున ఇన్ ద మార్నింగే గానీ సోమవారం పొద్దున అంటే ఆన్ మండే మార్నింగ్ అయితది. లాస్ట్, నెక్స్ట్, దిస్ ముందు ఏదీ పెట్టొద్దు.

బండ్ల సంగతి చూడండి, మనం బస్సుల పోయిన, ఆటోల పోయిన అని రెండింటికీ 'ల' అంటం. ఇంగ్లీష్‌ల లేచి నడిచే జాగ ఉన్న బస్సు, ట్రైన్‌కి ఆన్, కూసుండుడే ఉండే కారు, ఆటోకి ఇన్. బైక్‌కి ఆన్, మీద కూసుంటం కదా.

అసలు ఎక్కువ మార్కులు పోయేది మాత్రం వర్బ్‌లు, అడ్జెక్టివ్‌ల కాడ. డిస్కస్ తర్వాత అబౌట్ రాదు, రీచ్డ్ వరంగల్ అనాలె, 'రీచ్డ్ టు' కాదు. మ్యారీడ్ టు, గుడ్ ఎట్ మ్యాథ్స్, అఫ్రెయిడ్ ఆఫ్, ఇంట్రెస్టెడ్ ఇన్, వీటికి లాజిక్ ఎతకొద్దు, దొరకది. నోట్‌బుక్‌ల ఇంట్రెస్టెడ్ అని ఒక్క మాట రాసుకోకండి, 'ఇంట్రెస్టెడ్ ఇన్ క్రికెట్' అని మొత్తం రాసుకొని పైకి చదవండి, చెవికి అలవాటైతే ఎగ్జామ్ల తప్పు ఆప్షన్ చూడంగనే తేడా కొడతది. పాత పేపర్లు తీసి ఎర్రర్ స్పాటింగ్ (వాక్యంల తప్పు పట్టే) ప్రశ్నలు చేసుకుంట, తప్పుపోయిన ప్రతి మాటా ప్రిపొజిషన్ జంటను అదే నోట్‌బుక్‌ల ఎక్కించండి.