డిసర్టేషన్ చివరి చాప్టర్ దగ్గర ఆగిపోయిందా? ముందు ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి చూడండి

హైదరాబాద్‌లో డిజైన్ చదివే పిల్లల్లో ఏటా కొందరు కాఫీ ప్యాకెట్ల మీద పడతారు. 'మినిమలిస్ట్ ప్యాకేజింగ్ (బొమ్మలూ మాటలూ తగ్గించిన సాదా డిజైన్) కొనేవారి మీద చూపే ప్రభావం' అనో, దానికి అటూ ఇటూగానో టాపిక్ ఉంటుంది. సినాప్సిస్ ఓకే అవుతుంది, సర్వే అయిపోతుంది, ఆ తర్వాత బండి ఆగుతుంది. ఆగిన ఫైళ్లు పట్టుకుని వచ్చేవాళ్ల గోడు దాదాపు ఒకటే కాబట్టి రాసి పెడుతున్నాను. మార్జిన్లు సరిచేయడం, రిఫరెన్సులు ఇవ్వడం, గైడ్‌కి మెయిల్ పెట్టడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

సమస్య: డేటా ఉంది, చార్టులున్నాయి, డిస్కషన్ చాప్టర్ మాత్రం కదలదు

వచ్చేవాటిలో ఎక్కువ ఇదే. హంగుల ప్యాకెట్ ఏ, సాదా ప్యాకెట్ బి చూపించి అడిగిన గూగుల్ ఫారం నిండా జవాబులుంటాయి. 'ఎక్కువమందికి ప్యాకెట్ బి నచ్చింది' అని ఒక వాక్యం రాస్తారు. ఎందుకు నచ్చింది అనే చోట చెయ్యి ఆగిపోతుంది. ఎలాగోలా రెండు పేజీలు నింపి పంపితే, గైడ్ మార్జిన్‌లో 'అయితే ఏంటి?' అని రాసి వెనక్కి పంపుతారు.

అప్పుడు మీరేం చేస్తారో నాకు తెలుసు. శాంపిల్ చాలలేదనుకుని ఫారం లింకును ఇంకో నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పడేస్తారు. లేదంటే ఎస్‌పీఎస్‌ఎస్ (గణాంకాల సాఫ్ట్‌వేర్) వచ్చిన సీనియర్ కాళ్లావేళ్లా పడతారు. రైటింగ్ బ్లాక్ అని పేరు పెట్టి వారం సెలవు తీసుకునేవాళ్లూ ఉన్నారు.

అవన్నీ తర్వాత. ముందు మీరు జనానికి చూపించిన ఏ, బి ప్యాకెట్లను ఒకే సైజులో కలర్ ప్రింట్ తీసి టేబుల్ మీద పక్కపక్కన పెట్టండి. రెండింటి మధ్య కనిపించే ప్రతి తేడానూ ఒక కాగితం మీద రాయండి. పావుగంట పని. ఇది చేసి నా దగ్గరికి వచ్చినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు.

కారణం: రెండు ప్యాకెట్లకు మధ్య ఒక్క తేడా కాదు, బోలెడు తేడాలు

సాధారణంగా ఆ ప్రింట్లలో కనిపించేది ఇది. ప్యాకెట్ ఏ అంటే సూపర్ మార్కెట్ అరలో ఫోన్‌తో తీసిన ఫొటో. మెరిసే ఎర్ర పౌచ్, దాని మీద గింజలు, పొగలు కక్కే కప్పు, ఓ మూల ఆఫర్ స్టిక్కర్, కింద ఎమ్మార్పీ, పైన ట్యూబ్‌లైట్ వెలుగు తెల్లటి చారలా పడి ఉంటుంది. ప్యాకెట్ బి అంటే నెట్‌లో దొరికిన మాకప్ (కంప్యూటర్‌లో చేసిన నమూనా బొమ్మ) టెంప్లేట్. తెల్లటి మ్యాట్ పౌచ్, నడుమ చిన్న నల్లక్షరాలు, కిటికీ పక్కన పెట్టినట్టు మెత్తటి నీడ.

తేడాలు రాయండి. బొమ్మ ఉంది, లేదు. మాటలు ఎక్కువ, తక్కువ. ఎరుపు, తెలుపు. మెరుపు, మ్యాట్. తెలిసిన బ్రాండ్, ఎవరూ వినని పేరు. ఫోన్ ఫొటో, స్టూడియో లైటింగ్. ధర కనిపిస్తోంది, కనిపించడం లేదు. ఇందులో మీరు మినిమలిజం అంటున్నది ఏది? బి నచ్చిందన్న మనిషికి ఖాళీ జాగా నచ్చిందో, లైటింగ్ నచ్చిందో, ధర కనపడక పోవడం వల్ల ఖరీదైన సరుకు అనిపించిందో మీ డేటాలో ఎక్కడా లేదు. లేనిదాన్ని డిస్కషన్‌లో రాయాలని చూస్తున్నారు. అందుకే రెండో వాక్యం రావడం లేదు. మీ ఇంగ్లిషుతో దీనికి సంబంధం లేదు.

మాకప్‌ను ఇంకాస్త దగ్గరగా చూడండి. ఆకుపచ్చ చుక్క ఎక్కడ? 2020 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లేబులింగ్ నిబంధనల ప్రకారం ఆ శాకాహార గుర్తు ముందువైపు, పేరుకు దగ్గరలోనే ఉండాలి. ఆ సంస్థ లోగోతో పాటు 14 అంకెల లైసెన్స్ నంబర్ ఉండాలి. తూనికలు కొలతల శాఖ చూసే 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ నికర బరువు, ఎమ్మార్పీ, తయారీదారు చిరునామా, కస్టమర్ కేర్ వివరాలు అడుగుతాయి. చికోరీ (కాఫీ పొడిలో కలిపే ఒక వేరు పొడి) కలిపితే కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అన్నది లేబుల్ మీద చెప్పి తీరాలి. మన దగ్గర కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు కూడా. ఇవన్నీ పెట్టాక మిగిలిన జాగాలోనే డిజైనర్ విద్య చూపించాలి. మాకప్‌లో ఇవేవీ ఉండవు. అంటే మీరు జనాన్ని అడిగింది షాపులో అమ్మడానికి వీల్లేని ప్యాకెట్ గురించి.

ఈ కారణం అంత తేలిగ్గా దొరకదు: ఎక్కడా ఎర్రర్ రాదు. ఫలితం సిగ్నిఫికెంట్ (యాదృచ్ఛికం కాదు) అనే వస్తుంది, ఎందుకంటే అన్ని తేడాలూ కలిసి ఒకే వైపు లాగుతాయి. మాకప్ అందంగా ఉంటుంది కాబట్టి మొదటి రివ్యూలో మెచ్చుకుంటారు కూడా. బయటపడేది వైవాలోనే. ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే పరీక్షకులు) ప్రింట్ చేతిలోకి తీసుకుని, 'ఏమ్మా, రెండింటి ధరా ఒకటేనా?' అని అడుగుతారు. అంతే, మిగతా స్లైడ్లు ఎవరూ చూడరు.

పరిష్కారం

మూడు వారాలు చేతిలో ఉంటే ప్యాకెట్లు మళ్లీ చేయండి. ఒకే డైలైన్ (కత్తిరించి మడిచే గీతల నమూనా), ఒకే కల్పిత బ్రాండ్ పేరు, ఒకే 250 గ్రాముల పౌచ్, ఒకే ధర, చట్టం అడిగే వివరాలన్నీ ఒకే చోట, ఒకే సైజులో. మార్చేవి రెండే: బొమ్మ ఉండటం, లేకపోవడం, ముందువైపు మాటలు ఎక్కువగా ఉండటం, తక్కువగా ఉండటం. దాంతో నాలుగు ప్యాకెట్లు అవుతాయి. రంగు జోలికి వెళ్లొద్దు. 'మేడమ్, క్రాఫ్ట్ కలర్ (గోధుమ రంగు కాగితం లుక్) కూడా టెస్ట్ చేద్దామా' అని అడుగుతారు, వద్దు. దానికి ఇంకో డిసర్టేషన్ కావాలి.

స్క్రీన్ మీద చూపించేకన్నా చేతికివ్వడం మేలు. బేగంబజార్‌లో ఖాళీ పౌచ్‌లు దొరుకుతాయి. స్టిక్కర్ షీట్ మీద డిజిటల్ ప్రింట్ తీసి అంటించండి, లోపల ఇంత పొడి పోయండి. ఒక్కొక్కరికి వేరే వరసలో చూపించండి, లేకపోతే మొదట చూసినదానికే మార్కులు పడతాయి. ఏది నచ్చిందని మాత్రమే అడిగి వదిలేయకండి. సాదా, హంగు, చవక, ఖరీదు, నమ్మొచ్చు, నమ్మలేం, ఇలా ఎదురెదురు మాటల జతలు పెట్టి ఏడు గడుల్లో టిక్ పెట్టించండి. చార్లెస్ ఆస్‌గుడ్ బృందం 1950ల్లో తెచ్చిన సెమాంటిక్ డిఫరెన్షియల్ పద్ధతి ఇదే. 'సాదా, హంగు' జత తప్పకుండా ఉండాలి. మీరు మినిమల్ అనుకున్నది చూసేవాళ్లకీ సాదాగా అనిపించిందో లేదో తేలేది అక్కడే.

టైమ్ లేదా? అయితే డేటాను ఉన్నదున్నట్టే ఉంచి, మీరు చెప్పే మాట తగ్గించండి. టైటిల్‌లోంచి 'ప్రభావం' తీసేసి 'అభిప్రాయాల పరిశీలన' అని పెట్టండి, గైడ్ సంతకంతో. తేడాల జాబితాను పరిమితుల విభాగంలో ఉన్నదున్నట్టు దింపండి. ఒక మధ్యాహ్నం షాపుకెళ్లి అరలో ఉన్న కాఫీ ప్యాకెట్లన్నింటికీ ముందువైపు మాటలెన్ని, రంగులెన్ని, ఖాళీ జాగా సుమారు ఎంత అని పట్టిక వేసుకోండి. ఆ పట్టికతో మీ చాప్టర్‌కు రాయడానికి సరుకు దొరుకుతుంది. లోపాన్ని మీరే ముందు చెబితే ఎక్స్‌టర్నల్‌కు అడగడానికి పెద్దగా ఏమీ మిగలదు.

సమస్య: ప్యాకెట్లు సరిగ్గానే ఉన్నాయి, కానీ జవాబుల్లో ఏ తేడా రాలేదు

ఎవరిని అడిగారో చూడండి. హైటెక్ సిటీ కెఫేలో కూర్చునే కుర్రాడికి సాదా పౌచ్ అంటే ఖరీదైన సింగిల్ ఆరిజిన్ (ఒకే ప్రాంతం గింజల కాఫీ). ఇంట్లో ఫిల్టర్ వేసుకునే పెద్దావిడకు సాదా కవర్ అంటే వీధి చివర పొడి కొట్టించుకునే దుకాణం, కవర్ మీద పెన్నుతో 80:20 (కాఫీ, చికోరీ పాళ్లు) అని రాసిన ప్యాకెట్. ఒకే డిజైన్‌కు ఒకరు ఎక్కువ ధర వేస్తారు, ఇంకొకరు తక్కువ వేస్తారు. సగటు తీస్తే తేడా సున్నా దగ్గర కూర్చుంటుంది. ఫిల్టర్ వాళ్లను, కెఫే వాళ్లను, ఇన్‌స్టంట్ వాళ్లను విడదీసి మళ్లీ లెక్కేయండి. ఫారంలో ఆ ప్రశ్న అడగలేదా? ఫోన్ నంబర్లుంటే ఒక మెసేజ్ పెట్టి అడగండి. నా మటుకు టాపిక్‌లో అసలు రుచి ఇక్కడే ఉంది. ఎంతసేపూ మినిమలిజం గొప్పదని నిరూపించాలనే తాపత్రయంలో దీన్ని వదిలేస్తారు.

సమస్య: 'సస్టైనబుల్' అన్న మాట దగ్గర ఎర్ర సిరా

క్రాఫ్ట్ రంగు కనిపించగానే పర్యావరణ హితం అని రాసేస్తారు. కానీ పౌచ్ లోపల ఏముందో చూడండి. వేయించిన కాఫీ రోజుల తరబడి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. గ్యాస్ బయటికి పోయి గాలి లోపలికి రాకుండా వన్-వే వాల్వ్ పెడతారు. ఉత్త కాగితం ఆక్సిజన్‌నూ తేమనూ ఆపలేదు కాబట్టి లోపల ఫాయిల్ లేదా మెటలైజ్డ్ ఫిల్మ్, దాని కింద ప్లాస్టిక్ పొర అతికిస్తారు. అలా అతుక్కున్న పొరలను విడదీసి రీసైకిల్ చేయడం కష్టం. ఒక పౌచ్ కత్తిరించి అంచు చూడండి, మీకే తెలుస్తుంది. తర్వాత ఆ పేరా కొట్టేయండి, లేదా సాదాగా కనిపించడం వేరు, పదార్థం తక్కువ వాడటం వేరు అని తిరగరాయండి.

మిగతావి

సిమిలారిటీ రిపోర్ట్ (మీ రాత ఇతరుల రాతతో ఎంత శాతం కలిసిందో చూపేది) గురించి టెన్షన్ పడకండి. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు జరిమానా లేదు. అంతకు మించితే లిటరేచర్ రివ్యూలో ఎవరి వాక్యాలో అలాగే దిగిపోయి ఉంటాయి, తీసి మీ మాటల్లో రాయండి. మీ కాలేజీ పరిమితి ఇంకా తక్కువేమో ఆఫీసులో అడగండి. గైడ్ మారిపోవడం, ఫైల్ కరప్ట్ కావడం అరుదు. మొదటిదానికి హెచ్‌ఓడీని కలవాలి, రెండోదానికి బ్యాకప్ ఉండాలి. బైండింగ్‌కు ఇచ్చే ముందు ప్యాకెట్ల ఫొటోలున్న పేజీలు కలర్‌లోనే వచ్చాయో లేదో జిరాక్స్ షాపు దగ్గరే తిప్పి చూసుకోండి.